గోడకవతల నిద్ర

నాకిష్టమైన పలుకులు కొన్నున్నాయి.
వాల్వు ఆంప్ బాగా కాగాక,
వాల్యూమ్ ఆరు దాటీ దాటకముందు
స్వరం అంచున లేచే ఆ కాస్త జీర,
రాత్రంతా మాట్లాడినవాడి గొంతులా.
మెడ దగ్గరి పికప్‌లోంచి వచ్చే మందపాటిది,
అందరూ తేనె అంటారు గానీ
నాకైతే తీగపాకం, వేళ్ళ మధ్య సాగేది.
బ్రిడ్జి పక్కన మీటితే మాత్రం
నాపరాయి మీద రూపాయి బిళ్ళ పడ్డట్టు
ఖంగు.

ఇవన్నీ మోరీన్ ఆక్‌రాయిడ్ చేతుల్లో విన్నాను,
హడర్స్‌ఫీల్డ్‌లో, గురువారాలు,
స్టేషను వెనక పబ్బులో.
ఆమె గిటారుకి ఒక నాబ్ ఊడిపోయింది,
దాని చోట సాస్ సీసా మూత తిరుగుతుంది.
స్పీకర్ కాగితం చిరిగితే
గోళ్ళరంగు పూసి అతికించింది.

నేనూ అవే కొన్నాను.
అదే ఏడాది గిటారు, అదే మందం తీగలు,
గోళ్ళరంగు కూడా అదే, ఎర్రది.
మూడు నెలల జీతం పోయింది.
ఇంటికి తెచ్చి మీటితే
నా పలుకే వచ్చింది.
ఆడలేక మద్దెల ఓడు అందామంటే
మద్దెల ఆమెదే కదా!

ఎప్పటికో పట్టుకున్నాను.
ముప్పయ్యేళ్ళు బస్సు నడిపింది మోరీన్.
హాలిఫాక్స్ గుట్ట ఎక్కేటప్పుడు
గేరు రాడ్డు మీది ఎడమచెయ్యి
ఇంజను వణుకంతా తాగింది.
ఇప్పుడు తీగని నొక్కి ఊపుతుంటే
బయటికొచ్చేది అదే.
దుకాణంలో దొరకదు.

మరి నాది?
మాది వరస ఇళ్ళలో నాలుగోది,
మధ్యగోడ ఒక్క ఇటుక మందం.
అవతల ప్యాట్రిషా హెప్‌వర్త్,
ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ, పగలు నిద్ర.
బేకరీలో తెల్లవారుజాము షిఫ్టు నాది,
గిటారుకి మిగిలేది మధ్యాహ్నమే.
మొదటి వారం గోడ మీద రెండు దెబ్బలు.
కోపంగా కాదు, తలుపు తట్టినట్టు.

ఆ రోజు నుంచి
అరచేతి అంచు తీగల మీద ఆన్చి వాయించాను.
పుట్టిన ప్రతి స్వరానికీ దుప్పటి కప్పాను.
పిక్ పక్కన పడేసి
బొటనవేలి కండతో మీటాను.
తీగని పైకి లాగేముందు ఊపిరి బిగబట్టి,
చివరి స్వరం గోడ చేరకముందే
చెయ్యి అడ్డుపెట్టి
పదకొండేళ్ళు.
నేర్చుకుంటున్నానని తెలీదు నాకు.
మర్యాద అనుకున్నాను.

పోయిన నవంబర్‌లో మోచెయ్యి నొప్పెట్టి
మోరీన్ తన గిటారు నా ఒళ్ళో పెట్టింది.
"ఈ పాట నువ్వు కానీ."
ఆ గోడలు రాతివి, మూరెడు మందం.
బయట వాన, లోపల తడికోట్ల వాసన,
ముప్పైమంది మనుషులు.
ఎంత గట్టిగానైనా వాయించొచ్చు.
మొదలుపెట్టాను.
డార్ట్స్ ఆట ఆగింది.
వెనక బల్లవాళ్ళు కుర్చీలు ముందుకి జరుపుకున్నారు.
ఎవరో వెళ్ళి
చిప్స్ ఫ్రిజ్ ప్లగ్గు కూడా పీకేశారు, వినబడటం లేదని.

అయ్యాక మోరీన్ అడిగింది:
"మీ ఇంట్లో ఎవరు పడుకునుంటారు?"

మార్చిలో ప్యాట్రిషా రిటైరైంది.
చెత్తడబ్బా దగ్గర కనిపించి
"ఇక నీ ఇష్టం, ఇల్లు లేచిపోయేట్టు వాయించుకో" అంది.
ఆ మధ్యాహ్నమే వాల్యూమ్ ఆరు దాకా తిప్పాను.
కిటికీ అద్దం ఝుమ్మంది.
అల్మారాలో చెంచాలు మాట్లాడుకున్నాయి.
అరచేతిని లేవమన్నాను.
లేచింది, రెండు స్వరాలసేపు,
చలిలో బయట నిలబెట్టిన పిల్లాడిలా.
మళ్ళీ వెళ్ళి తీగల మీదే పడుకుంది.

గోడకవతల టీవీలో
ఎవరికో బహుమతి వచ్చినట్టుంది,
ఒకటే చప్పట్లు.